కనురెప్పల క్లీనింగ్: పొడికళ్ళతో విసిగిపోయినవాళ్ళు అడిగే ప్రశ్నలు

కంటి ఆసుపత్రిలో రెప్పలు శుభ్రం చేసే గది నాది. ఆపరేషన్లు చేసే డాక్టరును కాను, ఆప్టోమెట్రిస్టును. డాక్టరు గారు పరీక్ష చేసి చీటీ మీద "లిడ్ క్లీనింగ్" అని రాసి పంపితే, ఆ తర్వాతి పావుగంట పని నాది. అందులో సగం సందేహాలకే పోతుంది. ఏళ్ళ తరబడి చుక్కలు వేసి వేసి అలసిపోయి వచ్చినవాళ్ళు అడగక ఏం చేస్తారు? తరచుగా వినే ప్రశ్నలను, నేను చెప్పే జవాబులను ఇక్కడ రాశాను. మీ కంటిని చూసిన డాక్టరు వేరేలా చెప్పి ఉంటే మాత్రం ఆ మాటే పాటించండి.

కళ్ళు పొడిబారితే చుక్కలు వేయాలి గానీ, రెప్పలు శుభ్రం చేయడమెందుకు?

చారు గిన్నెలో పైన పల్చగా నూనె తేలుతుంది కదా. ఆ పొర ఉన్నంతసేపు కింది నీరు అంత త్వరగా ఆవిరి కాదు. కంటి మీది కన్నీటి పొర కూడా అలాంటిదే. గుడ్డుకు అంటుకుని ఉండే జిగురు, దాని మీద నీరు, అన్నిటికన్నా పైన లెక్కలోకి రానంత పల్చటి నూనె. ఆ నూనెను తయారుచేసేవి రెప్పల లోపల నిలువు వరసలో ఉండే మీబోమియన్ గ్రంథులు. 1666లో వీటిని వివరంగా రాసిన జర్మన్ వైద్యుడు హైన్రిష్ మైబోమ్ పేరే వీటికి స్థిరపడింది. పై రెప్పలో 25 నుంచి 40 వరకు, కింది రెప్పలో 20 నుంచి 30 వరకు ఉంటాయి. వాటి నోళ్ళు రెప్ప అంచున, వెంట్రుకలకు కాస్త లోపలి వైపు తెరుచుకుంటాయి. రెప్ప కొట్టిన ప్రతిసారీ కాస్త నూనె బయటికి వచ్చి కన్నీటి మీద పరుచుకుంటుంది.

ఆ నోళ్ళు పూడుకుపోతే కంట్లో నీరు ఎంత ఊరినా నిలవదు. పొడికళ్ళతో వచ్చేవాళ్ళలో ఎక్కువమందికి లోటు నీటిలో కాదు, ఈ నూనెలోనే ఉంటుంది. చుక్కల మందు పోసేది చాలావరకు నీటినే. వేసిన పది నిమిషాలు హాయిగా ఉండి మళ్ళీ మంట మొదలవుతోందని చెప్పేవాళ్ళను చూస్తే, మొదట రెప్పలు చూడాలనిపిస్తుంది నాకు.

నా కళ్ళు రోజంతా నీరు కారుతూనే ఉంటాయి. నన్ను పట్టుకుని పొడికళ్ళంటారేమిటి?

కోపం రావలసిన మాటే. కన్నీటి పొర చిరిగి నల్లగుడ్డు గాలికి తగిలినప్పుడల్లా కన్ను మండుతుంది, ఆ మంటకు కన్నీటి గ్రంథి ఉలిక్కిపడి బకెట్టుతో కుమ్మరించినట్లు నీరు వదులుతుంది. నూనె లేని ఆ నీరు నిలవకుండా చెంప మీదికి జారిపోతుంది. బండి మీద వెళ్తున్నప్పుడు, ఫ్యాను ఎదురుగా కూర్చున్నప్పుడు మరీ ఎక్కువగా కారుతోందంటే, అది పొడికన్నే కావచ్చు. నీరు పోయే గొట్టం మూసుకుపోయినా కళ్ళు కారతాయి కాబట్టి దాన్నీ ఒకసారి పరీక్షించి చూస్తారు.

రోజూ ముఖం కడుక్కుంటాను. రెప్పల మీద అంతగా శుభ్రం చేయడానికి ఏముంటుంది?

ముఖం కడిగేటప్పుడు మనం ఏం చేస్తామో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. కళ్ళు గట్టిగా మూసుకుంటాం. సబ్బు నీళ్ళు ముఖమంతా తగులుతాయి, రెప్పల అంచు ఒక్కటే మడతలో దాక్కుంటుంది. అరవై ఏళ్ళ మనిషిలో అరవై ఏళ్ళుగా ఎవరి చేయీ తగలని చోటు అది.

పళ్ళ సంగతి చూడండి. రోజూ తోముకున్నా పాచి పడుతుంది. ఆ పాచి కొన్నాళ్ళకు గట్టిపడి గార అవుతుంది. గార కట్టాక బ్రష్షుతో ఎంత తోమినా పోదు, పళ్ళ డాక్టరు గీకి తీయాల్సిందే. రెప్పల మీద జరిగేదీ దాదాపు ఇదే. చర్మం మీద మామూలుగా బతికే బాక్టీరియా, జిడ్డు, రాలిన చర్మపు పొట్టు కలిసి పల్చటి జిగట పొరగా పేరుకుంటాయి. ఆ పొర కింద బాక్టీరియా క్షేమంగా పెరుగుతుంది, దాని విషాలు రెప్పను రేపుతూ ఉంటాయి. రెప్ప అంచు ఎర్రబడుతుంది, పొద్దున లేచేసరికి పుసి కట్టి అంటుకుంటుంది, కురుపులు మళ్ళీ మళ్ళీ లేస్తాయి. 2016లో జేమ్స్ రైనర్సన్, హెన్రీ పెర్రీ అనే ఇద్దరు అమెరికన్ నేత్రవైద్యులు ఇంకొంచెం ముందుకు వెళ్ళి, వెంట్రుకల కుదుళ్ళ దగ్గర మొదలైన ఈ పొరే ఏళ్ళు గడిచేకొద్దీ గ్రంథులలోకి పాకి పొడికంటికి దారితీస్తుందని ప్రతిపాదించారు. వినడానికి చక్కగా అతికినట్లే ఉంటుంది గానీ, పొడికళ్ళన్నిటికీ మూలం అదొక్కటే అంటే నేను ఒప్పుకోను. రైనర్సన్ ఈ క్లీనింగ్ పరికరాన్ని కనిపెట్టినవాడు కూడా, ఆ సంగతి మనసులో పెట్టుకుని చదవాలి.

స్లిట్ ల్యాంపు అనే కంటి మైక్రోస్కోపులో పెద్దదిగా చేసి చూస్తే ఈ గార స్పష్టంగా కనిపిస్తుంది. వెంట్రుక మొదట్లో చిన్న గాజుగొట్టం తొడిగినట్లు పొట్టు చుట్టుకుని ఉంటుంది. అంచు మీద గ్రంథి నోటి దగ్గర మంచి నూనె బిందువుకు బదులు తెల్లటి మైనపు బొట్టు కూర్చుని ఉంటుంది. రెప్పను మెల్లగా నొక్కితే ఆరోగ్యమైన గ్రంథి నుంచి వంటనూనెలా తేటగా రావాలి. పాడైన గ్రంథి నుంచి చలికాలంలో పేరుకున్న నెయ్యిలా, కొందరికి ట్యూబులోంచి వచ్చే పళ్ళపేస్టులా వస్తుంది. మీ రెప్పల ఫొటో చూపించమని అడగండి, సిగ్గుపడవద్దు. తన రెప్పను తెర మీద చూసుకున్నాక మానకుండా శుభ్రం చేసుకునేవాళ్ళే ఎక్కువ.

పురుగులు ఉన్నాయన్నారు. నాకు నిద్ర పట్టడం లేదు.

వాటి పేరు డెమోడెక్స్. తలలో పేనులాంటివి కావు, కంటికి కనిపించవు. మిల్లీమీటరులో మూడో వంతు పొడవుండే ఎనిమిది కాళ్ళ జీవులు. ఒక రకం వెంట్రుకల కుదుళ్ళలో, ఇంకో రకం నూనె గ్రంథుల్లో బతుకుతుంది. వయసు పెరిగేకొద్దీ దాదాపు అందరి మీదా ఉంటాయి, నా మీద కూడా ఉండే ఉంటాయి. ఇవి ఉన్నాయంటే శుభ్రత లేదని కాదు. సంఖ్య మితిమీరినప్పుడే గొడవ. పైన చెప్పిన గాజుగొట్టం లాంటి పొట్టు వీటి ఆనవాలే. రెప్పల మొదట్లో దురద, ముఖ్యంగా పొద్దున పూట, ఇంకో ఆనవాలు.

క్లీనింగ్‌లో పైపైన ఉన్నవి, వాటి పొట్టు, గుడ్లు చాలావరకు పోతాయి. కుదుళ్ళ లోపల ఉన్నవి మిగులుతాయి. వాటి బతుకంతా రెండు మూడు వారాలే కాబట్టి, ఆ తర్వాత కనీసం నెలా నెలన్నర ఇంట్లో శుభ్రం చేస్తేనే కొత్త తరం తగ్గుతుంది. అమెరికాలో ఉన్న మనవాళ్ళకు ఇంకో దారి ఉంది. డెమోడెక్స్ కోసమే తయారైన లోటిలానర్ 0.25 శాతం చుక్కలకు అక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2023 జులైలో అనుమతి ఇచ్చింది. రోజుకు రెండుసార్లు, ఆరు వారాలు వేస్తారు.

అసలు క్లీనింగ్ ఎలా చేస్తారు?

కుర్చీలో వెనక్కి వాలి కూర్చుంటారు. కంటిలో తిమ్మిరి చుక్క ఒకటి వేస్తాను. అర నిమిషం చురచురలాడి కన్ను మొద్దుబారుతుంది. నా చేతిలోది లావు పెన్నంత పరికరం, కొసన బఠాణీ గింజంత మెత్తటి స్పాంజి. బ్లెఫెక్స్ అనేది ఈ తరహాలో ముందుగా పేరుకెక్కిన పరికరం, ఇప్పుడు ఇంకొన్ని కూడా ఉన్నాయి. స్పాంజిని రెప్పల కోసం చేసిన శుభ్రపరిచే ద్రవంలో ముంచి స్విచ్చి నొక్కితే నిమిషానికి 2,000 చుట్లకు పైగా తిరుగుతుంది. కింది రెప్పకు పైకి చూడమంటాను, పై రెప్పకు కిందికి చూడమంటాను. లోపలి మూల నుంచి బయటి మూల దాకా, మళ్ళీ వెనక్కి, వెంట్రుకల మొదట్లో అంచు వెంబడి నడుపుతాను. ఒక్కో రెప్పకు అర నిమిషం పైమాట, అవసరమైతే రెండోసారి. తిరిగే స్పాంజి నురగలో బూడిద రంగు మెల్లగా పెరుగుతుంటే అది రోజూ చూసే నాకే ఒక చిన్న తృప్తి. రెప్ప రెప్పకూ కొత్త స్పాంజి మార్చాలి, లేకపోతే ఒక రెప్ప మురికి ఇంకో రెప్పకు ఎక్కుతుంది. మార్చకపోతే మీరు అడగవచ్చు, అడగాలి కూడా. చివర సెలైన్‌తో కడుగుతాను. అంతా కలిపి పది నిమిషాలు దాటదు.

పరికరం లేని చోట డాక్టరే ద్రవంలో ముంచిన దూది పుల్లతో ఓపికగా రుద్ది శుభ్రం చేస్తారు. నిదానం గానీ, శ్రద్ధగా చేస్తే అదీ మంచి పనే.

నొప్పి ఉంటుందా?

నొప్పి కన్నా కితకితలు ఎక్కువ. పై రెప్ప దగ్గరికి వచ్చేసరికి నవ్వేవాళ్ళు, కుర్చీ చేతులు బిగించి పట్టుకునేవాళ్ళు, ముక్కు దురద పుట్టి తుమ్మేవాళ్ళు ఉన్నారు. తుమ్ము వచ్చేలా ఉంటే చెయ్యి ఎత్తితే చాలు, ఆపుతాను. రెప్ప మరీ వాచి ఉంటే కాస్త మండుతుంది.

నొప్పి ఉండేది తర్వాత చేసే నొక్కుడులో. గ్రంథుల్లో పేరుకున్న నూనెను పట్టకారు లాంటి సాధనంతో పిండి తీయమని డాక్టరు రాస్తే, అది నిజంగానే నొప్పి. అది క్లీనింగ్‌లో భాగం కాదు, వేరే పని. రెండూ ఒకటేననుకుని భయపడి రాకుండా ఉండిపోయినవాళ్ళున్నారు.

ఇదంతా ఇంట్లో నేనే చేసుకుంటే చాలదా?

ఈ ప్రశ్నకు మా గదికి లాభం చేకూర్చే జవాబు ఒకటి, నిజమైన జవాబు ఒకటి ఉన్నాయి. 2018లో ఐర్లండ్ పరిశోధకులు డెమోడెక్స్ ఉన్నవాళ్ళను మూడు బృందాలుగా చేసి, ఒక బృందానికి టీ ట్రీ అనే చెట్టు ఆకుల నూనె కలిపిన ఫేస్‌వాష్, ఇంకో బృందానికి దుకాణంలో దొరికే రెప్పల క్లీనర్, మూడో బృందానికి ఈ యంత్రంతో క్లీనింగ్ ఇచ్చి చూశారు. మూడు బృందాల్లోనూ పురుగులు తగ్గాయి. మూడింటి మధ్య చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

అంటే యంత్రం దండగనా? కాదు. గార కట్టని రెప్పలకు రోజూ ఇంట్లో చేసే శుభ్రతే చాలు, దాన్ని మించింది లేదు. గార కట్టినవాళ్ళకు, చేయి వణికేవాళ్ళకు, దగ్గరి చూపు ఆనక అద్దంలో అంచు కనిపించనివాళ్ళకు, నెలల తరబడి రుద్దినా ఫలితం లేనివాళ్ళకు ఒకసారి మా చేత చేయించుకుని, అక్కడి నుంచి ఇంట్లో కొనసాగించడం తేలిక. ఇంట్లో చేయను, ఆరు నెలలకోసారి వచ్చి చేయించుకుంటానంటే మాత్రం డబ్బు వృథా. పళ్ళు తోముకోకుండా గార మాత్రం తీయించుకుంటానన్నట్లు ఉంటుంది.

రిటైరైన లెక్కల మాస్టారు ఒకాయన వచ్చేవారు. ఆరేళ్ళుగా రోజుకు ఎనిమిది సార్లు చుక్కలు. సంచిలోంచి ఖాళీ సీసాలు తీసి బల్ల మీద వరసగా నిలబెట్టి చూపించారు, రెండు వరసలు అయ్యాయి. రెప్పలు చూస్తే వెంట్రుకలన్నిటికీ పొట్టు. క్లీనింగ్ చేశాను, ఇంట్లో ఏం చేయాలో కాగితం మీద రాసిచ్చాను. నెల తర్వాత వస్తే "కొంచెం నయం" అన్నారు, అంతే. మూడో నెలకు గానీ చుక్కలు రోజుకు రెండుసార్లకు తగ్గలేదు. ఆ మూడు నెలలూ కాగితం మీద తేదీలు వేసి టిక్కులు పెట్టుకున్నారాయన. ఆ టిక్కుల వల్లే తగ్గిందని నా నమ్మకం.

దీనితో పూర్తిగా తగ్గిపోతుందా?

తగ్గిపోదు. రెప్పల వాపు బీపీ, షుగరు లాగా అదుపులో పెట్టుకునేది. దీర్ఘకాలిక రెప్పవాపు మీద జరిగిన పరీక్షలన్నిటినీ కలిపి చూసిన 2012 కోక్రేన్ సమీక్ష కూడా దాదాపు ఇదే తేల్చింది: రెప్పల శుభ్రత బాధను తగ్గిస్తుంది, కానీ ఏ చికిత్సా దీన్ని నిర్మూలిస్తుందనడానికి గట్టి ఆధారం లేదు. యంత్రపు క్లీనింగ్ మీద వచ్చిన అధ్యయనాలు చాలావరకు చిన్నవి, కొన్ని వారాలు మాత్రమే గమనించినవి. కన్నీటి పొర ఎక్కువసేపు నిలుస్తోందని, మంట తగ్గిందని వాటిలో కనిపించింది. ఎవరైనా "ఒక్కసారి చేయించుకుంటే జీవితంలో మళ్ళీ అక్కర్లేదు" అంటే లేచి వచ్చేయండి.

గ్రంథులు ఎండి కుంచించుకుపోయి ఉంటే పైన ఎంత శుభ్రం చేసినా అవి తిరిగి మొలవవు. మీబోగ్రఫీ అనే ఫొటోలో గ్రంథులు ఎన్ని మిగిలాయో చూడవచ్చు. వీలున్న చోట అది ముందు తీయించుకోవడం మంచిది. మొటిమలకు ఐసోట్రెటినాయిన్ మాత్రలు వాడినవాళ్ళకు చిన్న వయసులోనే గ్రంథులు సన్నబడి ఉండవచ్చు, ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పండి.

ఎన్నాళ్ళకోసారి చేయించుకోవాలి?

మామూలుగా నాలుగు నుంచి ఆరు నెలలకు. రెప్పలు శుభ్రంగా కనిపిస్తే ఇంకా ఆలస్యంగా. క్యాలెండరు చూసి కాదు, రెప్ప చూసి నిర్ణయించాలి.

ఎవరు చేయించుకోకూడదు?

కంటికి ఈమధ్యే ఆపరేషన్ అయినవాళ్ళు, కళ్ళకలక ఉన్నవాళ్ళు, నల్లగుడ్డు మీద పుండు ఉన్నవాళ్ళు, రెప్ప మీద హెర్పిస్ పొక్కులు లేచినవాళ్ళు ఆగాలి.

ఇంకొక జాగ్రత్త ఉంది, అది అన్నిటికన్నా పెద్దది. రెప్పల వాపు సాధారణంగా రెండు కళ్ళకూ ఉంటుంది. ఒక్క కంటికే, ఒక్క రెప్పకే నెలల తరబడి ఎరుపు, అక్కడే వెంట్రుకలు రాలిపోవడం, అదే చోట గడ్డ తీసిన ప్రతిసారీ మళ్ళీ లేవడం ఉంటే క్లీనింగ్ మాట పక్కన పెట్టి ముక్క పరీక్ష (బయాప్సీ) చేయించాలి. రెప్పల నూనె గ్రంథుల్లో పుట్టే క్యాన్సర్ మామూలు వాపులాగే నటిస్తుంది. పాశ్చాత్య దేశాల్లో అరుదు గానీ, మన దేశంలో రెప్పలకు వచ్చే క్యాన్సర్లలో తరచుగా కనిపించేవాటిలో ఇది ఒకటి. అలాంటి రెప్ప నా కుర్చీలోకి వస్తే స్పాంజి ముట్టను, మళ్ళీ డాక్టరు దగ్గరికే పంపుతాను.

నాకు నోరు కూడా ఎండిపోతుంది, కీళ్ళ నొప్పులున్నాయి. క్లీనింగ్ పనిచేస్తుందా?

ముందు రక్త పరీక్షలు చేయించుకోండి. కన్నీరు, లాలాజలం తయారుచేసే గ్రంథులను శరీరమే దెబ్బతీసుకునే షోగ్రెన్ జబ్బు ఒకటుంది. అన్నం ముద్ద నీళ్ళు లేకుండా దిగడం లేదంటే అనుమానించాలి. అప్పుడు లోటు నీటిలోనే. కంటి కింద కాగితం పట్టీ పెట్టి ఐదు నిమిషాలు చూసే షర్మర్ పరీక్షలో 5 మిల్లీమీటర్లు కూడా తడవకపోతే నీరు బాగా తక్కువని అర్థం. రెప్పల క్లీనింగ్ ఇక్కడ పక్కవాద్యం మాత్రమే.

కాటుక మానేయాలా?

పూర్తిగా మానమని చెప్పి మాట పడటం నాకిష్టం లేదు. కానీ ఎక్కడ పెడుతున్నారన్నది ముఖ్యం. వెంట్రుకలకు లోపలి తడి అంచు మీద గీసే కాటుక నేరుగా గ్రంథుల నోళ్ళలోకి పోతుంది. స్లిట్ ల్యాంపులో నల్ల చుక్కలు వరసగా కనిపిస్తాయి, ముత్యాల పేరు తిరగేసినట్లు. వెంట్రుకలకు బయట, చర్మం మీద గీసుకుని రాత్రి పడుకునే ముందు తుడిచేస్తే ఇబ్బంది తక్కువ. సుర్మాలలో కొన్నిటిలో సీసం ఉంటుంది, వాటి జోలికి పోవద్దు. పసిపిల్లల కళ్ళకు కాటుక దిద్దడం అసలే వద్దు. దిష్టికైతే బుగ్గన చుక్క చాలు.

ఆముదం, తేనె, నందివర్ధనం పూలు... మా అమ్మమ్మ చెప్పినవి వాడవచ్చా?

కడిగిన నందివర్ధనం పూలు మూసిన రెప్పల మీద చల్లగా పెట్టుకుంటే హాయిగా ఉంటుంది, హాని లేదు. పూల రసం కంట్లో పిండితే హాని. ఆముదం కలిపిన చుక్కలు మందుల కంపెనీలు నిజంగానే తయారుచేస్తాయి, కానీ అది క్రిములు లేకుండా శుద్ధి చేసింది. గానుగ ఆముదం కంట్లో పోసుకోవడం వేరు. తేనె కూడా అంతే, వంటింటి సీసాలోది కంటికి వద్దు.

బేబీ షాంపూ అమ్మమ్మ చిట్కా కాదు, డాక్టర్లదే. ఏళ్ళపాటు మేమే చెప్పాం. 2018లో న్యూజిలాండ్‌లో దాన్ని రెప్పల కోసం చేసిన క్లీనర్‌తో పోల్చి చూస్తే క్లీనరే మెరుగని తేలింది. బేబీ షాంపూ వాడినవాళ్ళలో కన్నీటి జిగురుకు సంబంధించిన కణాల పని తగ్గిన సూచనలు కూడా కనిపించాయి. ఇప్పుడు నేను చెప్పడం మానేశాను.

టీ ట్రీ నూనెను మాత్రం సీసాలోంచి నేరుగా రెప్పకు రాయకండి. డెమోడెక్స్‌ను చంపేంత ఘాటు ఉన్నది నల్లగుడ్డును కూడా కాలుస్తుంది. అలా చేసుకుని రాత్రికి రాత్రి పరుగెత్తుకొచ్చినవాళ్ళను చూశాను. రెప్పల కోసం తగిన పాళ్ళలో కలిపి అమ్మే తుడుపు కాగితాలే వాడాలి. అవీ పడకపోతే హైపోక్లోరస్ ఆమ్లం ఉన్న రెప్పల స్ప్రే మృదువుగా ఉంటుంది.

ఇంట్లో ఏం చేయాలో సరిగ్గా చెప్పండి.

మూడు పనులు, ఇదే వరసలో: కాపడం, నొక్కడం, తుడవడం.

చాలామంది తప్పు చేసేది కాపడంలో. పేరుకున్న నెయ్యి కరగాలంటే వేడి తగలాలి, తగిలినంతసేపు నిలవాలి. రెప్ప దగ్గర 40 నుంచి 45 డిగ్రీల వేడి, ఐదు నుంచి పది నిమిషాలు ఉండాలి. వేడినీళ్ళలో ముంచి పిండిన చేతిరుమాలు రెండు నిమిషాల్లో చల్లారిపోతుంది. దాన్నే పది నిమిషాలు పెట్టుకుంటే తొమ్మిదో నిమిషంలో మీరు చేస్తున్నది చల్లటి కాపడం. రెండు రుమాళ్ళు పెట్టుకుని ఒకటి తీస్తూ ఒకటి వేస్తూ ఉండండి, లేదా వేడి నిలిచే కంటి మాస్క్ కొనుక్కోండి. ముందుగా మణికట్టు లోపలి వైపు తాకించి చూడండి. అక్కడ చురుక్కుమంటే రెప్పకు ఎక్కువే. షుగరు వల్ల స్పర్శ తగ్గినవాళ్ళు ఇంట్లో ఇంకొకరి చేతికి తాకించి చూసుకోవడం మేలు.

వెంటనే, వేడి ఆరకముందే, చూపుడు వేలితో పై రెప్పను పైనుంచి కిందికి, కింది రెప్పను కిందినుంచి పైకి, వెంట్రుకల వైపు మెల్లగా నొక్కుతూ జరపండి. పది సార్లు చాలు. కనుగుడ్డు మీద బలంగా ఒత్తకూడదు. గ్లకోమా ఉన్నవాళ్ళు, నల్లగుడ్డు పల్చబడి ముందుకు పొడుచుకొచ్చే కెరటోకోనస్ ఉన్నవాళ్ళు ఈ నొక్కుడు గురించి డాక్టరును అడిగాకే మొదలుపెట్టాలి.

తర్వాత క్లీనర్‌తో వెంట్రుకల మొదళ్ళు తుడిచి కడగాలి. మొదటి నెల రోజుకు రెండుసార్లు, తర్వాత ఒకసారి. పొద్దున హడావిడిలో కుదరకపోతే రాత్రిది మానకండి.

తలలో చుండ్రు ఉంది. దీనికీ దానికీ సంబంధమా?

ఉంది. కనుబొమల్లో, ముక్కు పక్కన పొలుసులు రాలుతుంటే రెప్పల మీద రాలేదీ అదే. కీటోకొనజోల్ షాంపూతో తల చుండ్రు తగ్గించకుండా రెప్పలొక్కటే కడిగితే ఒక గదిలో ఊడ్చి పక్క గది వదిలేసినట్లే.

చేప నూనె మాత్రలు?

అమెరికాలో జరిగిన పెద్ద పరీక్షలో, 2018లో, ఒమేగా-3 మాత్రలు ఆలివ్ నూనె మాత్రల కన్నా ఏమీ మెరుగు కాదని తేలింది. చేపలు ఇష్టమైతే పులుసు పెట్టుకుని తినండి.

వెలుగు చికిత్స, లిపిఫ్లో లాంటివి చేయించుకోమంటున్నారు. క్లీనింగ్ కన్నా అవి మంచివా?

చేసే పని వేరు. క్లీనింగ్ రెప్ప అంచును శుభ్రం చేస్తుంది. లిపిఫ్లో రెప్ప లోపలి వైపు నుంచి వేడి పెట్టి, బయటి నుంచి ఒత్తి, పన్నెండు నిమిషాల్లో గ్రంథుల్లోని నూనెను కరిగించి తీస్తుంది. ఏది చేయించినా అంచు మీది గార ముందుగా తీయడం సబబు. మూత బిగుసుకుని ఉన్న సీసాను ఎంత ఒత్తితే ఏం లాభం?

ఐపీఎల్ అనే వెలుగు చికిత్స విషయంలో మనవాళ్ళు ఒక మాట తప్పక అడగాలి. చర్మపు రంగును ఫిట్జ్‌ప్యాట్రిక్ అనే ఆరు మెట్ల కొలతతో చూస్తారు. నల్లటి చర్మంలోని రంగు పదార్థం ఆ వెలుగును పీల్చుకుంటుంది కాబట్టి, ఐదు, ఆరు మెట్ల చర్మానికి కాలిన మచ్చలు, తెల్లటి మరకలు పడే ముప్పు ఉంది. తెలుగువాళ్ళలో నాలుగో మెట్టు, ఐదో మెట్టు చర్మం మామూలే. "నా చర్మం ఎన్నో మెట్టు?" అని అడిగితే వెంటనే జవాబు చెప్పలేని చోట ఆ చికిత్స చేయించుకోకండి.

శుక్లం ఆపరేషన్‌కు తేదీ ఇచ్చారు. ముందు రెప్పలు శుభ్రం చేయించమన్నారు. కావాలని ఖర్చు పెంచుతున్నారా?

లేదు, ఇది ముందుచూపు. ఆపరేషన్ తర్వాత కంటి లోపల చీము పట్టే ప్రమాదం చాలా అరుదు గానీ, పట్టినప్పుడు ఆ బాక్టీరియా ఎక్కువసార్లు రోగి సొంత రెప్పల నుంచి వచ్చిందే. అందుకే ఆపరేషన్ బల్ల మీద అయోడిన్ ద్రవంతో కడుగుతారు. ఇంకో కారణం, లెన్సు పవరు లెక్కగట్టేది నల్లగుడ్డు వంపును కొలిచే. పొడిబారిన కంటి మీద ఆ కొలత ఒకసారి ఒకలా, ఇంకోసారి ఇంకోలా వస్తుంది. కొన్ని వారాల ముందే రెప్పలు చక్కబరుచుకుని ఆ తర్వాత కొలతలు తీయించుకోవడం మంచిది. ఆపరేషన్‌కు ముందు రోజు హడావిడిగా చేయించుకోవద్దు.

బీమాలో వస్తుందా?

మన దేశంలో చాలా ఆరోగ్య బీమాలు ఆసుపత్రిలో చేరితేనే వర్తిస్తాయి. ఇది కుర్చీలో కూర్చుని పది నిమిషాల్లో లేచిపోయే పని కాబట్టి సాధారణంగా రాదు. అమెరికాలో కూడా ఎక్కువమంది సొంత డబ్బే పెట్టుకుంటారు. ధర ఊరికో రకంగా, ఆసుపత్రికో రకంగా ఉంటుంది. రెండు కళ్ళకూ కలిపా, ఒక్కో కంటికా అన్నది ముందే అడగండి. అయిదారు సార్లకు ఒకేసారి డబ్బు కట్టమనే ప్యాకేజీ మాట ఎత్తితే, మొదటిసారి ఫలితం చూశాకే మాట్లాడదామనండి.

చేయించుకున్న రోజు ఏం జాగ్రత్త పడాలి?

కాంటాక్ట్ లెన్సులు పెట్టుకుంటే రాకముందే తీసి, ఆ రోజుకు కళ్ళద్దాలతో ఉండండి. అతికించిన రెప్ప వెంట్రుకలు ఉంటే ముందు తీయించుకోవాలి. సాయంత్రం దాకా కాస్త ఎరుపు, గరగర ఉంటాయి. తిమ్మిరి చుక్క ప్రభావం పోయేదాకా, అంటే ఓ అరగంట, కన్ను నలపకండి. నలిపినా గీసుకున్నట్లు తెలియదు, నల్లగుడ్డు మీద గీత పడితే తిమ్మిరి వదిలాక తెలుస్తుంది. ఆ తిమ్మిరి చుక్క హాయిగా ఉందని ఇంటికి ఇమ్మని అడిగేవాళ్ళున్నారు. ఇవ్వం. రోజూ వేసుకుంటే నల్లగుడ్డు కరిగిపోతుంది. మేకప్, కాటుక మరుసటి రోజు దాకా వద్దు. రెండో రోజుకు కూడా నొప్పి తగ్గకపోయినా, చూపు మసకబారినా ఫోను చేసి కూర్చోకుండా నేరుగా రండి.

వెంటనే బండి నడుపుకుంటూ వెళ్ళవచ్చా?

చూపు మసకలేకపోతే వెళ్ళవచ్చు. కానీ ఓ అరగంట మా వరండాలో కూర్చుని, ఎవరైనా తోడు వచ్చి ఉంటే బండి వాళ్ళ చేతికిచ్చి, మీరు వెనక కూర్చోండి. హెల్మెట్ అద్దం కిందికి దించుకోవడం మాత్రం మరిచిపోవద్దు.